పందుంపుల్లని దాచుకోవద్దు, ఊరికే ఇచ్చేయొద్దు



చాలా రోజులుగా రాద్దాం రాద్దాం అనుకుంటున్న విషయం ఇది. పోస్టు పెద్దదే. తీరిక దొరికినప్పుడు చివరిదాకా చదవండి. చదివాక తిట్టినా ఫర్వాలేదు, మధ్యలో వదిలేయకండి.

మేము తాడేపల్లిగూడెంలో చదువుకుంటున్న ఏజెన్సీ పిల్లలం. కొందరం బుట్టాయగూడెం, పోలవరం వైపు వాళ్ళం. కొందరం కుక్కునూరు, వేలేరుపాడు నుంచి వచ్చాం. మాలో కోయలున్నారు, కొండరెడ్లున్నారు. కొల్లేరు పక్క ఊళ్ళ నుంచి వచ్చిన యానాది, ఎరుకల స్నేహితులూ మాతోనే ఉంటారు. భాషలు వేరు, ఊళ్ళు వేరు. కానీ పట్నం వచ్చాక మేమందరం ఒకేలా దాచుకున్న వస్తువు ఒకటుంది. అదే పందుంపుల్ల.

ఈ ఏడాది మా గదికి కొత్తగా ఒక తమ్ముడు వచ్చాడు. కొండరెడ్ల ఊరు. మొదటి వారం రోజులూ వాడు పళ్ళు ఎప్పుడు తోముకుంటున్నాడో మాకు తెలీలేదు. చీకటి ఉండగానే లేచి, ప్రహరీ గోడ వెనక్కి వెళ్ళి వచ్చేవాడు. ఒక రోజు వాడి టవల్లోంచి కానుగ పుల్ల కింద పడింది. "ఎందుకురా దాస్తున్నావ్?" అంటే, "నవ్వుతారన్నా" అన్నాడు తల దించుకుని. మాకు నవ్వు రాలేదు. ఎందుకంటే మూడేళ్ళ కింద మేమూ అదే గోడ వెనక్కి వెళ్ళాం. కంపాస్ బాక్సులో పుల్ల పెట్టుకున్న వాళ్ళం కూడా మాలో ఉన్నాం.

ఆ వారంలోనే సబ్బులకని బజారుకి వెళ్ళాం. కొట్లో పేస్టుల వరస చూస్తే దాదాపు ప్రతి రెండో పెట్టె మీదా ఆకు బొమ్మే. ఒకదాని మీద వేప, ఒకదాని మీద లవంగం, ఇంకోదాని మీద ఉప్పు. ఈ మధ్య బొగ్గు పేస్టు కూడా వచ్చింది, అది మిగతా వాటికంటే ఖరీదు ఎక్కువ. మన తాతలు బొగ్గుతో తోముకుంటే మోటు, అదే బొగ్గు నల్ల పెట్టెలో పెడితే మోడరన్. మాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనే ఈ పోస్టు.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. మన మొక్కల తెలివిని సిగ్గుపడి దాచుకోవద్దు. అలాగని గర్వంతో కళ్ళు మూసుకుని, రీల్సులో పెట్టి, ఎవరడిగితే వాళ్ళకి ఊరికే ఇచ్చేయనూ వద్దు. పరీక్షకి పెడదాం, పేరుతో రాసుకుందాం, మన వాటా మనం అడుగుదాం. ఎందుకో ఒక్కొక్కటిగా చెప్తాం.

ముందు, పుల్లలో ఏముందో చూద్దాం.

మన నోట్లో వందల రకాల సూక్ష్మజీవులు బతుకుతాయి. అన్నీ చెడ్డవి కావు. వాటిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనేది ఒకటుంది. మనం తిన్న తీపిని అది తిని యాసిడ్ వదుల్తుంది. ఆ యాసిడ్ పంటి పైపొరని మెల్లగా కరిగిస్తుంది. అదొక్కటే అయితే ఉమ్ముతో పోయేది. కానీ అది చక్కెరతో జిగురులాంటి పదార్థం తయారు చేసుకుని పంటికి అంటుకుపోతుంది, మిగతా క్రిములకీ చోటిస్తుంది. పొద్దున్నే నాలుకతో తడిమితే పళ్ళ మీద జారుడుగా తగిలే పాచి అదే. దాన్ని వదిలేస్తే గట్టిపడి గార అవుతుంది, చిగుళ్ళు వాస్తాయి, రక్తం వస్తుంది.

1996లో ఒక అమెరికా దంతవైద్య పరిశోధన పత్రికలో వేపపుల్ల సారం మీద పరీక్ష అచ్చయింది. అందులో మాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. వాళ్ళు వాడిన మోతాదులో వేపపుల్ల నీటి సారం ఆ జాతి క్రిముల పెరుగుదలని ఆపలేదు. కానీ వాటి జిగురు తయారీని తగ్గించింది. పంటిలాంటి పదార్థానికి అవి అతుక్కోవడాన్ని తగ్గించింది. వాటిని ఒకదానికొకటి ముద్దగా చేర్చేసింది. అంటే వేప క్రిమిని చంపక్కర్లేదు, కూర్చోడానికి చోటివ్వకపోతే చాలు. ముద్దగా అయిన దాన్ని పుక్కిలించి ఉమ్మేయడం తేలిక. మన పెద్దవాళ్ళు పుల్ల నమిలేటప్పుడు ఊరే నీళ్ళని మింగకుండా ఉమ్మేయమని ఎందుకు చెప్పేవాళ్ళో అది చదివాక మాకు కొత్తగా అర్థమైంది.

లవంగం సంగతి అందరికీ తెలుసు. అందులో ఉండే యూజెనాల్ నొప్పిని మొద్దుబారుస్తుంది, క్రిముల్నీ అదుపు చేస్తుంది. దంతవైద్యులు తాత్కాలికంగా పన్ను పూడ్చేటప్పుడు జింక్ ఆక్సైడ్‌తో కలిపేది ఈ యూజెనాల్‌నే. డాక్టరు దగ్గరికి వెళ్తే వచ్చే ఆ వాసన లవంగానిదే. వాములో థైమాల్ ఉంటుంది. 1879లో అమెరికాలో పుట్టి ఇప్పటికీ ప్రపంచమంతా అమ్ముడవుతున్న లిస్టరిన్ అనే నోరు పుక్కిలించే మందులో ముఖ్యమైన నాలుగు పదార్థాల్లో ఈ థైమాల్ ఒకటి. కరక్కాయలో టానిన్లు ఎక్కువ. నోట్లో వేసుకుంటే బిగుసుకుపోయే ఆ వగరు వాటిదే. కరక్కాయ, తానికాయ, ఉసిరి కలిపిన త్రిఫల కషాయంతో పుక్కిలించి చూసిన పరీక్షలు మన దేశంలోనే చాలా జరిగాయి. అరబ్బు దేశాల్లో మిస్వాక్ అనే పుల్ల వాడతారు. ఆ పుల్ల వాడే అలవాటున్న చోట దాన్ని ప్రోత్సహించొచ్చని 1986లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ఇంకో మాట. పుల్ల అంటే మందొక్కటే కాదు, బ్రష్షు కూడా అదే. కొసని నమిలితే కుచ్చు అవుతుంది, ఆ కుచ్చే పాచిని గీకుతుంది. నమిలేటప్పుడు లాలాజలం ఊరుతుంది. లాలాజలం యాసిడ్‌ని పలచన చేస్తుంది. వేప, కానుగ, ఉత్తరేణి, తుమ్మ, మర్రి ఊడ. మన ఇళ్ళలో ఏది దొరికితే అది వాడారు. వీటిల్లో వగరో చేదో లేనిది ఒక్కటీ లేదు, గమనించారా? నమిలి చూసి, ఉమ్మి చూసి, తరాల పాటు ఏరుకున్న వరస అది. ప్రతి వినాయక చవితికీ ఇదే ఊరి బజార్లో ఉత్తరేణి ఆకు పత్రిలో కట్టి అమ్ముతారు. దేవుడి దగ్గరికి వెళ్ళిన ఆకుకి లేని చిన్నతనం, మన నోట్లోకి వెళ్ళిన పుల్లకి ఎందుకొచ్చింది?

ఇంతవరకూ చదివి కొందరు "చూశారా, మనోళ్ళు అప్పుడే అన్నీ కనిపెట్టేశారు" అని షేర్ కొట్టబోతుంటారు. ఆగండి. అసలు కష్టమైన మాట ఇప్పుడు చెప్పాలి.

పోయిన వానాకాలం మా స్నేహితుడొకడికి దవడ పన్ను పిప్పి పట్టింది. రాత్రంతా మూలుగుతూనే ఉన్నాడు. ఫోన్లో ఎవరో పెట్టిన వీడియో చూసి జిల్లేడు పాలు దూదితో పన్నులో పెట్టుకున్నాడు. పెద్దవాళ్ళు కూడా పెట్టేవాళ్ళు కదా అని మేమూ ఆపలేదు. తెల్లారేసరికి చిగురు, బుగ్గ లోపలి చర్మం తెల్లగా ఊడి వచ్చింది. నొప్పి తగ్గకపోగా దవడ వాచి నోరు తెరుచుకోలేదు. చివరికి దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే పన్ను తీసేయాల్సి వచ్చింది. "రెండు నెలల ముందు వచ్చుంటే ఈ పన్ను నిలబెట్టేవాణ్ణి బాబూ" అన్నారాయన. ఆ మాట మాకందరికీ తగిలింది. పన్ను పోయింది వాడిది, తప్పు మా అందరిదీ.

జిల్లేడు పాలు ఒంటిని కాల్చే గుణం ఉన్నవి. నల్లజీడి రసం తగిలితే చర్మం పొక్కిపోతుంది. వాకుడు గింజల పొగ పట్టి పంటి పురుగు తీస్తామనే వాళ్ళు మన సంతల్లో ఉండేవాళ్ళు. పంట్లో పురుగు ఉంటుందనే నమ్మకం మన దగ్గరే కాదు, పాతకాలంలో ప్రపంచంలో చాలా చోట్ల ఉండేది. కానీ పురుగనేది లేదు. ఉన్నవి కంటికి కనిపించని క్రిములు, వాటి యాసిడ్. పొగకి నొప్పి కాసేపు తగ్గొచ్చేమో గానీ, పడిన గుంట పూడదు. ఏ ఆకూ ఆ గుంటని పూడ్చలేదు.

"సహజం అంటే మంచిదే కదా" అనే వాళ్ళకి ఒక్క ప్రశ్న. పొగాకు సహజం కాదా? అదీ మొక్కే, అదీ ఆకే. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వేలం కేంద్రాలకి వెళ్ళే ఆకుని కోసేదీ, బేరన్లలో కాల్చేదీ చాలావరకు మన అమ్మానాన్నలే. ఆ ఆకునే పొడి చేసి చిగుళ్ళకి రుద్దుకునే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది. పళ్ళపొడిలో, పేస్టులో పొగాకు కలపడాన్ని 1992లోనే మన దేశంలో నిషేధించారు. అయినా మన ఆడవాళ్ళ కొంగుముడిలో పొగాకు ఉంటూనే ఉంది. ఉత్తరాంధ్రలో అడ్డచుట్ట కాల్చే ఆడవాళ్ళకి అంగిట్లో క్యాన్సర్లు వస్తాయని డాక్టర్లు దశాబ్దాలుగా చెప్తున్నారు. కాబట్టి ఆకు అయినంత మాత్రాన మందు అయిపోదు. ఇసక, ఇటుకపొడి, గరుకు బొగ్గుతో రోజూ గట్టిగా తోమితే పంటి పైపొర అరిగిపోతుంది, అది మళ్ళీ పెరగదు. నల్ల పెట్టెలో వచ్చిన బొగ్గైనా అంతే.

పరీక్షల సంగతీ నిజాయితీగా చెప్పుకుందాం. ల్యాబులో గాజు పళ్ళెంలో క్రిములు పెంచి, మధ్యలో ఆకు సారం పోస్తే చుట్టూ ఖాళీ వలయం వస్తుంది. "ఫలానా మొక్క క్రిముల్ని చంపుతుంది" అని వార్త వచ్చేది ఎక్కువగా ఆ వలయాన్ని చూసే. కానీ నోరు గాజు పళ్ళెం కాదు. నోట్లో లాలాజలం కడిగేస్తుంటుంది, మనం తింటుంటాం, క్రిములు పాచి దుప్పటి కప్పుకుని ఉంటాయి. అందుకే పళ్ళెంలో గెలిచింది నోట్లో గెలవాలని లేదు. మనుషుల మీద చేసిన పరీక్షల్లో వేప, త్రిఫల లాంటివి పాచినీ చిగుళ్ళ వాపునీ తగ్గించాయని చాలాసార్లు వచ్చింది. కొన్నింట్లో డాక్టర్లు వాడే క్లోర్‌హెక్సిడిన్‌కి దగ్గరగా పనిచేశాయి. క్లోర్‌హెక్సిడిన్‌ని ఎక్కువ రోజులు వాడితే పళ్ళ మీద గోధుమ రంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది. అందుకే మొక్కల వైపు చూస్తున్నారు. అయితే వాటిలో ఎక్కువ పరీక్షలు కొద్దిమంది మీద, కొద్ది వారాల పాటు చేసినవే. పిప్పి పన్ను రాకుండా ఆపడంలో ఇంతవరకూ గట్టి రుజువున్నది ఫ్లోరైడ్ పేస్టుకే. దాన్ని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆవశ్యక మందుల జాబితాలో కూడా చేర్చింది. వేపపుల్లకి ఆ రుజువు లేదు. మనదని చెప్పి లేని గొప్ప అంటగడితే, రేపు ఉన్న గొప్ప కూడా ఎవరూ నమ్మరు.

ఒక తేడా కూడా చూడాలి. మన తాతలు పుల్లతో తోమిన కాలంలో తిన్నది జొన్న, సామ, కొర్ర, దుంపలు, అడవి పళ్ళు. ఇప్పుడు మన ఊళ్ళో కిళ్ళీ కొట్టులో కూడా చాక్లెట్లు, కూల్‌డ్రింకులు, క్రీము బిస్కెట్లు వేలాడుతున్నాయి. తిండి మారింది, పుల్ల పోయింది, పేస్టు అలవాటు సరిగా రాలేదు. మధ్యలో మన పిల్లల పళ్ళు పోతున్నాయి. పళ్ళు, చిగుళ్ళ జబ్బులు ప్రపంచంలో సుమారు 350 కోట్ల మందికి ఉన్నాయని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది. ఆ లెక్కలో మన ఆశ్రమ పాఠశాల పిల్లలూ ఉన్నారు. వాళ్ళ బుగ్గలు వాచేదాకా ఎవరూ నోరు తెరిపించి చూడరు.

ఇప్పుడు రెండో సంగతి. ఈ తెలివి ఎవరిది?

పసుపు గాయాల్ని మాన్పుతుందని 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి పేటెంటు ఇచ్చారు. మన సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. వేపనూనెతో తెగుళ్ళ మందు చేసే పద్ధతి మీద 1994లో యూరప్ పేటెంటు కార్యాలయం ఒక అమెరికా కంపెనీకీ, అక్కడి వ్యవసాయ శాఖకీ కలిపి పేటెంటు ఇచ్చింది. అది 2000లో రద్దయింది. వాళ్ళు అప్పీలు చేస్తే 2005లో అదీ కొట్టేశారు. ఈ కథలు మనం పరీక్షల కోసం చదువుకున్నాం. కానీ పసుపు కేసు ఎలా గెలిచారో గమనించండి. పాత పుస్తకాలు, అచ్చయిన వ్యాసాలు చూపించి గెలిచారు. మరి కోయ భాషలో, కొండరెడ్ల మాటల్లో, నోటినుంచి చెవికి వచ్చిన సంగతికి ఏ పుస్తకం చూపిస్తాం?

చట్టంలోనూ ఇదే మెలిక ఉంది. జీవ వైవిధ్య చట్టం 2002లో వచ్చింది. స్థానిక ప్రజల మొక్కలు, తెలివి వాడి వ్యాపారం చేసేవాళ్ళు లాభంలో వాటా ఇవ్వాలనేది దాని సారం. విదేశీ కంపెనీలే కాదు, మన దేశం కంపెనీలు కూడా ఇవ్వాల్సిందేనని 2018 డిసెంబరులో దివ్య ఫార్మసీ కేసులో ఉత్తరాఖండ్ హైకోర్టు తీర్పు చెప్పింది. 2023లో చట్టాన్ని సవరించారు. పాత శాస్త్ర గ్రంథాల్లో రాసి ఉన్న తెలివిని వాడుకుంటే మన దేశం వాళ్ళు వాటా ఇవ్వక్కర్లేదని మినహాయింపు వచ్చింది. ఆ గ్రంథాలు ఏవన్నది 1940 నాటి మందుల చట్టం జాబితాలో ఉంది. అంటే గ్రంథాల్లోకి ఎక్కిన వాడకానికి ఆ కంపెనీ మనకి పైసా ఇవ్వక్కర్లేదు. గ్రంథాల్లో లేనిది, మన వాళ్ళకే తెలిసినది మాత్రం ఇంకా ఆ మినహాయింపులో లేదు. అక్కడే మన హక్కు మిగిలి ఉంది. దాన్నే మనం ఫోన్లో వీడియో తీసి లైకుల కోసం ఊరికే పెట్టేస్తున్నాం!

2006 అటవీ హక్కుల చట్టం మనలో చాలామందికి పోడు పట్టాల చట్టంగానే తెలుసు. అందులో 3(1)(కె) అనే సెక్షన్ ఉంది. జీవ వైవిధ్యానికి, సంస్కృతికి సంబంధించిన సంప్రదాయ తెలివి మీద సమాజానికి ఉమ్మడిగా మేధో హక్కు ఉంటుందని అందులో రాసి ఉంది. భూమికి పట్టా అడిగాం. తెలివికి ఎందుకు అడగలేదు?

వాటా ఇచ్చిన చోటు ఎక్కడైనా ఉందా అని మీరు అడగొచ్చు. ఉంది. 1987లో కేరళ అగస్త్యమల కొండల్లో శాస్త్రవేత్తలకి దారి చూపించిన కాణి తెగ వాళ్ళు, నడిచేటప్పుడు ఏవో చిన్న పళ్ళు తింటూ అలసిపోకుండా ఉండటం వీళ్ళు గమనించారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. దాంతో తిరువనంతపురం దగ్గరున్న ఉష్ణమండల వృక్ష పరిశోధన సంస్థ 'జీవని' అనే మందు తయారు చేసి, ఒక ఆయుర్వేద కంపెనీకి తయారీ హక్కు ఇచ్చింది. వచ్చిన ఫీజులో, రాయల్టీలో సగం కాణిలకి ఇవ్వాలని ఒప్పుకుంది. 1997లో కాణిలు ఆ డబ్బు కోసం ట్రస్టు పెట్టుకున్నారు. తర్వాత అంతా సాఫీగా సాగలేదు. ఆకు సేకరణకి అటవీ శాఖ అడ్డు చెప్పింది, కాణిల్లోనే మాకు చెప్పలేదని అలిగిన వాళ్ళున్నారు. అయినా ఒక తెగ పేరు, ఒక మందు పేరు పక్కపక్కన నిలబడ్డాయి. మన గోదావరి కొండల్లో అలాంటిది ఒక్కటి చెప్పండి చూద్దాం.

మన దగ్గర జరిగేది వేరు. మేము సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఒకాయన వచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. మా తాత దగ్గర రెండు రోజులు కూర్చుని, ఏ వేరు దేనికి, ఏ బెరడు ఎప్పుడు తీయాలి అని అన్నీ రాసుకున్నాడు, ఫోటోలు తీసుకున్నాడు. వెళ్ళేటప్పుడు తాతకి ఒక తువ్వాలు, రెండొందలు ఇచ్చాడు. తాత సంతోషపడ్డాడు. ఆ రాతలు ఏమయ్యాయో, ఎక్కడ అచ్చయ్యాయో మాకు ఇప్పటికీ తెలీదు. ఆయన చెడ్డవాడని మేము అనడం లేదు. అడగడం మాకు తెలీలేదు అంటున్నాం. కొండరెడ్ల, కోయల వైద్యం మీద వ్యాసాలు చాలానే అచ్చయ్యాయి. వాటిలో మొక్క పేరు లాటిన్‌లో ఉంటుంది, రాసిన వాళ్ళ పేరు ముందు ఉంటుంది. చెప్పినాయన మాత్రం చాలాసార్లు "స్థానిక గిరిజనులు" అనే రెండు ముక్కల్లో కలిసిపోతాడు.

తొందర ఎందుకంటే, టైం లేదు. 2014లో కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రలో కలిసింది పోలవరం కోసమే. ముంపు ఊళ్ళ వాళ్ళని కాలనీల్లోకి తెచ్చారు. కాలనీలో ఇల్లుంది, రోడ్డుంది, కరెంటుంది. పెరట్లో కానుగ లేదు, వెనక కొండ లేదు. ఒక అమ్మమ్మ మాతో అన్న మాట రాస్తున్నాం: "ఆకు కనపడితే కదా బిడ్డా, పేరు గుర్తొచ్చేది." మొక్క కళ్ళ ముందు లేకపోతే మాట కూడా పోతుంది. ఇంకో పదేళ్ళలో ఆ తరం వెళ్ళిపోతుంది. కొల్లేరు వైపు మన యానాది స్నేహితులదీ ఇదే బాధ. తాతకి గట్టు మీద ప్రతి మొక్కా తెలుసు, మనవడికి చెరువు కాపలా ఒక్కటే తెలుసు.

ఈ గ్రూపులోనే ఒక అన్న ఇంతకుముందు అన్నాడు, "తెలివి అందరిదీ, దాస్తే చచ్చిపోతుంది" అని. అన్నా, నీ మాట సగం నిజం. దాస్తే చచ్చిపోతుంది. అందుకే రాద్దాం అంటున్నాం. కానీ పంచడం వేరు, పోగొట్టుకోవడం వేరు. వేప చిగుళ్ళకి మంచిదని ఎవరికైనా చెప్పు, అది అందరికీ తెలిసిందే. మీ ఊళ్ళో మీ తాతకే తెలిసిన వేరు సంగతిని, మీ ఊరు కూర్చుని మాట్లాడుకోకుండా ఫోన్లో పెట్టకు. అంతే మేము అడిగేది.

మరి ఏం చేద్దాం? మాకు తోచినవి ఇవి.

ఒకటి. ఈసారి పండక్కి ఇంటికెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు కొనుక్కెళ్ళండి. పళ్ళకి, చిగుళ్ళకి, నోటి పూతకి ఏం వాడేవాళ్ళో మీ పెద్దవాళ్ళని అడగండి. వాళ్ళ భాషలోనే రాయండి. మొక్క పేరు, ఏ భాగం, ఏ కాలంలో, ఎంత, ఎన్ని రోజులు, ఎవరికి ఇవ్వకూడదు. చెప్పినవాళ్ళ పేరు, ఊరి పేరు పైన రాయండి. ఆ బుక్కు ఊళ్ళోనే ఉండాలి.

రెండు. పంచాయతీలో జీవ వైవిధ్య కమిటీ, ప్రజా జీవ వైవిధ్య రిజిస్టరు ఉండాలని చట్టం చెప్తోంది. మీ పంచాయతీలో ఉందా అని అడగండి. ఉంటే ఎవరు రాశారు, ఎవర్ని అడిగి రాశారు అని చూడండి. ఏది రిజిస్టరుకి ఎక్కాలి, ఏది బయటికి చెప్పకూడదు అనేది గ్రామసభ తేల్చాలి, ఆఫీసులో కూర్చున్నవాళ్ళు కాదు.

మూడు. ఈ ఊళ్ళో మనకున్న అవకాశం చాలామందికి లేదు. ఇక్కడ నిట్‌లో బయోటెక్నాలజీ ఉంది. పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. డిగ్రీ కాలేజీల్లో బోటనీ, మైక్రోబయాలజీ చదివే మన పిల్లలున్నారు. భీమవరంలో, ఏలూరు దగ్గర దంతవైద్య కళాశాలలున్నాయి. ప్రాజెక్టు చేయాల్సి వచ్చినప్పుడు ఎవరో చేసిందే మళ్ళీ చేసే బదులు, మన ఊరి పుల్ల తీసుకురండి. ముందు గ్రామసభ ఒప్పుకోలు కాగితం తీసుకోండి. మొక్క సరైనదేనని బోటనీ సార్ల చేత చూపించుకోండి. పనిచేసిందని తేలితే ఊరి పేరుతో రాయండి. పనిచేయలేదని తేలినా రాయండి, అందులో సిగ్గు లేదు. పేటెంటు అడిగేవాళ్ళు ఆ తెలివి ఏ ప్రజల దగ్గర తీసుకున్నారో చెప్పాలనే ఒప్పందాన్ని 2024 మే 24న జెనీవాలో దేశాలన్నీ కూర్చుని ఆమోదించాయి. రేపు ఆ ప్రశ్న వచ్చినప్పుడు జవాబు మన చేతిలో ఉండాలి.

నాలుగు. కె.ఆర్.పురం ఐటీడీఏని ఒక సంఘంగా కలిసి అడుగుదాం. ఆశ్రమ పాఠశాలల్లో ఏడాదికి రెండుసార్లు పంటి పరీక్షలు, ప్రతి పిల్లాడికీ ఫ్లోరైడ్ పేస్టు, మంచి బ్రష్షు. బడి ఆవరణలో నాలుగు వేప, నాలుగు కానుగ మొక్కలు. రెండూ కావాలి, ఒకటి చాలదు. కరక్కాయ, కుంకుడు, తేనె మన దగ్గర కొంటున్న గిరిజన సహకార సంస్థని కూడా ఒక మాట అడగాలి. 1956 నుంచీ మన దగ్గర కాయలు కొంటున్నారు. కాయతో పాటు వస్తున్న తెలివికి ధర ఎప్పుడు కడతారు?

అయిదు. నొప్పి వస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇది అన్నిటికంటే ముందు రాయాల్సింది. పుల్ల పాచికి. గుంట పడిన పన్నుకి, వాచిన దవడకి, నోట్లో మూడు వారాలైనా మానని పుండుకి మాత్రం ఆసుపత్రే.

ఆ తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాం. ఇప్పుడు వాడు గోడ వెనక్కి వెళ్ళడం లేదు. పొద్దున్నే అందరితో పాటు కుళాయి దగ్గరే నిలబడి కానుగ పుల్ల నములుతున్నాడు. రాత్రి పడుకునే ముందు మాతో పాటు పేస్టుతో తోముతున్నాడు. పొద్దున్న పుల్ల, రాత్రి పేస్టు. వాడు పెట్టిన రూలే ఇప్పుడు మా గది రూలు. మొన్న మైదానం నుంచి వచ్చిన కుర్రాడొకడు వాడి దగ్గరికి వచ్చి, "బ్రో, ఒక పుల్ల ఇస్తావా?" అన్నాడు. మా వాడు ఇచ్చాడు. ఇస్తూ, "దీన్ని మా భాషలో ఏమంటారో తెలుసా?" అని ఆ పేరు చెప్పి, రెండుసార్లు పలికించి మరీ ఇచ్చాడు.

ఇచ్చేదైతే అలా ఇద్దాం.

మీ ఊళ్ళో పళ్ళకి ఏ పుల్ల వాడేవాళ్ళో కింద రాయండి. అందరికీ తెలిసినవి మాత్రమే రాయండి. మిగతావి నోటుబుక్కులో రాసుకోండి.

జోహార్. జై ఆదివాసీ.